కంజి కార్డుల డబ్బా బాగానే ఉంది, ఆ ఒక్క ‘తోగె’ కార్డు తప్ప

ముందే చెప్తున్నా, ఐదు స్టార్లకి మూడున్నర. పోయిన ఒకటిన్నరలో ఒక స్టార్ మొత్తం ఒకే ఒక్క కార్డు తినేసింది. కంజి అంటే జపనీస్ రాతలో ఒక్కోదానికి ఒక్కో అర్థమున్న అక్షరాలు, అట్లాంటి 300 కార్డులున్న డబ్బాలో ఒక్కటి తప్పయితే ఇంత రాద్ధాంతం దేనికి అంటారేమో, చదివాక తిట్టండి.

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే కేర్‌గివర్ ఉద్యోగాలకు మన దగ్గరి నుంచి నర్సులు వెళ్తున్నారు కదా, తెలంగాణ ప్రభుత్వ విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్ వాళ్లు కూడా పంపిస్తున్నారు, ఆ ఆశతోనే ఏడాది నుంచి జపనీస్ నేర్చుకుంటున్నా. 2019 ఏప్రిల్‌లో జపాన్ తెచ్చిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి జపనీస్ భాషా పరీక్షల్లో ఎన్4 గానీ జేఎఫ్‌టీ బేసిక్ గానీ పాస్ కావాలి, కేర్‌గివర్లకు దాని మీద ఇంకో రెండు పరీక్షలు. మా మేనమామలిద్దరు జగిత్యాల నుంచి దుబాయ్ పోయినప్పుడు వాళ్లను ఎవరూ భాష అడగలేదు, నన్ను మాత్రం అక్షరానికి ఎన్ని గీతలో కూడా అడుగుతున్నారు. సరే, ఏడుపు ఆపి కార్డుల సంగతికొస్తా.

ఆన్‌లైన్‌లో 649 రూపాయలు. నక్కలగుట్టకు నాలుగో రోజు వచ్చింది, డబ్బా ఒక మూల నలిగింది కానీ లోపల కార్డులకేం కాలేదు. కార్డు మందంగా ఉంది, పెళ్లి పత్రిక అట్టంత. పైన ప్లాస్టిక్ పూత ఉండటం వల్ల నైట్ డ్యూటీలో చాయ్ ఒలికినా తుడిస్తే పోయింది. ముందువైపు అక్షరం పెద్దగా, గీతలు ఏ వరసలో రాయాలో ఎర్ర అంకెలు, వెనక తెలుగులో అర్థం, పలుకుబడి (అంటే ఎలా పలకాలో), ఒక ఉదాహరణ వాక్యం. ఇంగ్లీషు దాటి నేరుగా తెలుగులో అర్థం ఇచ్చిన కార్డులు నాకు ఇవి తప్ప దొరకలేదు, అందుకే కొన్నా. అందుకే కోపం కూడా ఎక్కువొచ్చింది.

గీతల వరస, రోజువారీ మాటలు, ఆస్పత్రి మాటలు, అన్నీ బాగున్నాయి. ‘పని చేయు’ అనే అక్షరం కార్డు మీద మనిషి గుర్తు, పక్కన కదులు అనే గుర్తు విడదీసి చూపించారు, ఒక్కసారికే బుర్రలో పడింది. మంచి పని ఎవరు చేసినా చెప్పాలి.

ఇక 250 దాటాక ‘కొండలు, నీళ్లు, నేల’ అని అదనంగా ఒక కట్ట ఉంది. ఎన్4కి ఇవి అక్కర్లేదు, అయినా డబ్బులిచ్చాం కదా అని తిప్పడం మొదలుపెట్టా. అందులో 271వ కార్డు తోగె.

అక్షరం చూస్తే ముచ్చటేసింది. ఎడమన కొండ. కుడివైపు పైన ‘పైకి’ అనే గుర్తు, దాని కింద ‘కిందికి’ అనే గుర్తు. కొండకి మూడు గీతలు, పైకి మూడు, కిందికి మూడు, మొత్తం తొమ్మిది. కార్డు మీద అచ్చు ఎంత లావుగా పడిందంటే ‘పైకి’లో అడుగు గీత, ‘కిందికి’లో నెత్తి గీత అంటుకుని ఒక్కటే గీతలా కనిపిస్తున్నాయి. ఎర్ర అంకెలు తొమ్మిది వరకు ఉన్నాయి, గీతలు లెక్కపెడితే ఎనిమిదే. పది నిమిషాలు దీంతోనే పోయాయి, ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే గానీ తెలియలేదు అవి రెండు వేరే గీతలని.

పోనీ అది అచ్చు తప్పనుకుందాం. వెనక్కి తిప్పితే పలుకుబడి ‘టోగే’ అని ఉంది. అది ఇంగ్లీషు అక్షరాల్లో చూసి తెలుగులోకి ఎక్కించిన పలుకుబడి, చూడగానే తెలిసిపోతుంది. జపాన్ వాళ్ల త మన త లాగే పళ్లకి తగులుతుంది, ఓ దీర్ఘం, చివరి ఎ కురచ. తో, గె, అంతే. మన లిపిలో ఇది ఉన్నదున్నట్టు రాయొచ్చు, ఇంగ్లీషు వాళ్లకి లేని సౌకర్యం మనకుంది, చేతిలో ఉన్న ఆ సౌకర్యాన్ని పారేసి అరువు పలుకుబడి తెచ్చుకోవడం ఏంటో. 300 కార్డుల్లోనూ ఇదే జబ్బు, అందుకు అర స్టార్ కోత.

అర్థం దగ్గర ‘పర్వత శిఖరం’ అని రాశారు. ఇంతే, ఇంకేం లేదు.

నేనూ అదే బట్టీ పట్టా. కొండ, పైకి, కిందికి, ఓహో కొండ కొన అన్నమాట, అని. మా తమ్ముడు పక్కనుంచి చూసి “అక్కా, తోగె అంటే డ్రిఫ్టింగ్ కదా” అన్నాడు. వాడికి జపనీస్ ముక్క రాదు, కార్ల వీడియోలు మాత్రం తెల్లార్లూ చూస్తాడు. రాత్రిపూట మెలికల కొండ రోడ్ల మీద కారు వెనక చక్రాలు జారుస్తూ పందేలు కాసే ఆటకి ఇప్పుడు ప్రపంచమంతా ఆ మాటే వాడుతున్నారట. నోర్మూసుకో అన్నా. తర్వాత తెలిసిందేంటంటే కార్డు కన్నా వాడే నయం, వాడు కనీసం రోడ్డు అన్నాడు.

వారం తర్వాత ఆన్‌లైన్ క్లాసులో మా సెన్సే (టీచర్) ఆస్పత్రి మాటలు వినిపిస్తూ ఒక వాక్యం పెట్టారు. డాక్టర్ బయటికొచ్చి పేషెంటు ఇంటివాళ్లతో అంటాడు: “కొన్య గ తోగె దెస్.” కొన్య అంటే ఈ రాత్రి. నేను చెయ్యెత్తి గొప్పగా చెప్పా, “ఈ రాత్రి కొండ శిఖరం” అని. క్లాసులో ఉన్న మిగతా పది మందీ నవ్వారు. సెన్సే నవ్వకుండా అడిగారు, “శిఖరం ఎక్కినవాళ్లు ఏం చేస్తారు?” జెండా పాతుతారు, ఫొటో దిగుతారు, అన్నా. “మరి పేషెంటు అక్కడ జెండా పాతాలా?”

అప్పుడు అరగంట ఆ ఒక్క మాట మీదే క్లాసు నడిచింది, 649 రూపాయల కార్డు చెప్పనిది అంతా అందులో వచ్చింది.

తోగె కొండ కొన కాదు. కొండల వరస అడ్డంగా ఉంటే అవతలి ఊరికి పోవాలన్నవాడు ఎక్కడ తక్కువ ఎత్తుందో వెతుక్కుని అక్కడినుంచి దారి వేసుకుంటాడు కదా, ఆ దారిలో ఎక్కడం అయిపోయి దిగడం మొదలయ్యే చోటు. గుట్టల వరసలో చూస్తే అది అన్నింటికన్నా పల్లం, నడిచేవాడికి మాత్రం అదే అన్నింటికన్నా ఎత్తు. అక్కడ ఆగిపోవడానికి ఎవరూ ఎక్కరు, దాటడానికే ఎక్కుతారు. కొండ కొనకి జపనీస్‌లో సన్చో, ఇతదకి అని వేరే మాటలున్నాయి, అవి ఇదే డబ్బాలో లేవు కూడా.

తెలుగులో దీనికి అసలు మాట కనుమ. కానీ నిజం చెప్పండి, కనుమ అంటే మనకి గుర్తొచ్చేది సంక్రాంతి తెల్లారి, లేకపోతే సోషల్ పుస్తకంలో తూర్పు కనుమలు. ఆ పాఠం వల్ల కనుమ అంటే కొండల వరసే అని నేను డిగ్రీ దాకా నమ్మా. ఘాట్ అందామంటే నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ గుర్తొస్తుంది, బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి వాంతులు చేసుకోవడం గుర్తొస్తుంది, అది మొత్తం రోడ్డు పేరు, ఆ ఒక్క చోటు పేరు కాదు. ఇంటికొచ్చి నాయనమ్మకి కాగితం మీద అక్షరం గీసి చూపించా, ఇది కొండ, ఇది పైకి, ఇది కిందికి, దీన్నేమంటావు అని. కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండా “ఎక్కుడు దిగుడు నడుమ జాగనాయె” అంది. అచ్చేసినవాళ్లు ఒక్క ముసలమ్మని అడిగుంటే సరిపోయేది.

మిగతా చాలా కంజిల్లాగా ఈ అక్షరం చైనా నుంచి రాలేదు, జపాన్ వాళ్లు సొంతంగా కట్టుకున్నది. ఇట్లాంటి వాటిని కొకుజి అంటారు. నిప్పు, పొలం కలిపితే మెట్టచేను, ఇందాక చెప్పిన మనిషి, కదులు కలిస్తే పని, అన్నీ ఇంట్లో చేసుకున్నవే. అందుకే చైనా పలుకుబడి దీనికి లేదు, తోగె ఒక్కటే. అక్కడ ప్రైమరీ బడిలో పిల్లలకు నేర్పే 1,026 అక్షరాల్లో ఇది ఉండదు, పెద్దవాళ్ల వాడుకకి పెట్టుకున్న 2,136లో ఉంటుంది. అంటే నాకు పరీక్షకి రాదు, డ్యూటీలో వినపడుతుంది.

ఇంకోటి చెప్పారు, అది విని ఒళ్లు జలదరించింది. తోగె అనే మాట ‘తముకె’ నుంచి వచ్చిందని ఎక్కువమంది చెప్తారట. తముకె అంటే దేవుడి ముందు పెట్టే కానుక. పాతకాలంలో కొండదారి ఎక్కి ఆ చోటికి చేరినవాళ్లు, అవతలికి క్షేమంగా దించమని దారి దేవుడికి ఏదో ఒకటి పెట్టి మొక్కేవాళ్లు. మొక్కుకి ఉన్న పేరే చోటుకి పడింది.

ఇది విన్న వరంగల్ మనిషికి ఏం గుర్తురావాలి? గట్టమ్మ! మేడారం పోయే ఏ బండైనా ములుగు రాకముందు గట్టమ్మ గుడి దగ్గర ఆగాల్సిందే, కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, అప్పుడు గానీ సమ్మక్క సారలమ్మ దగ్గరికి పోరు. మా నాన్న పదేళ్ల కింద జాతరకి పోతుంటే జామ్ ఎక్కువుందని ఆగకుండా పోనిచ్చాడు, తాడ్వాయి అడవిలో టైరు పంక్చరైంది, నాయనమ్మ ఇప్పటికీ ఆ పంక్చర్ గురించి మాట్లాడుతుంది. నేను క్లాసులో గట్టమ్మ గురించి చెప్తే సెన్సే నోట్సు రాసుకున్నారు. ఆ కార్డు వెనక గట్టమ్మ పేరు రాసుంటే వరంగల్, ములుగు పిల్లలు ఈ జన్మలో మర్చిపోయేవాళ్లు కాదు.

ఇప్పుడు డాక్టర్ వాక్యానికి రండి. కొన్య గ తోగె అంటే ఈ రాత్రే ఆ జాగ, దాటితే అవతల దిగుడే, దాటకపోతే లేదు. మా ఐసీయూ తలుపు దగ్గర రాత్రి రెండింటికి డాక్టర్ గారు ఇంటివాళ్లతో ఏమంటారు? “ఈ రాత్రి గడవాలమ్మా.” అంతే కదా. కిందటి నెల పరకాల దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, పడిపోయిన బీపీని మందులతో గుంజుకొస్తున్నాం, ఆయన కొడుకు తలుపు సందులోంచి “సిస్టర్, జర సాఫ్‌గ చెప్పరాదు, ఉంటడా” అని పది నిమిషాలకోసారి అడుగుతున్నాడు, నేను ప్రతిసారీ ఆ మాటే చెప్తున్నా. ఆరింటికి మూత్రం సంచిలో కాస్త నిండింది, బీపీ తొంభై దాటింది. కొడుకు గోడకి ఆనుకుని కూలబడి “గండం గట్టెక్కింది” అన్నాడు. సరిగ్గా దాన్నే వాళ్లు “తోగె ఒ కొషిత” అంటారు, తోగె దాటింది అని. మన గట్టు చెరువుగట్టో ఏటిగట్టో, వాళ్లది కొండ, దాటడం మాత్రం ఇద్దరికీ ఉంది.

ఇదే వాక్యంలో తోగె బదులు యమ అని కూడా అంటారట, కొన్య గ యమ. యమ అంటే కొండ. కానీ తెలుగు నర్సు ఆ మాట అర్ధరాత్రి వింటే ముందు కొండ గుర్తొస్తుందా చెప్పండి, దున్నపోతు గుర్తొస్తుంది. ఇది విని ఈసారి సెన్సే కూడా నవ్వారు.

వాడుకలో ఒక మెలిక ఉంది, అది తెలియకపోతే ఇబ్బంది పడతాం. రోగం, చలి, ఎండ, పని ఒత్తిడి, ఇట్లాంటివి తోగె దాటాయంటే మంచి కబురు. ‘అత్సుస మొ తోగె ఒ కొషిత’ అంటే ఎండల తీవ్రత కూడా దాటిపోయింది అని, రోహిణి వెళ్లిపోయి మృగశిర వచ్చి ఇంట్లో చేపల కూర ఉడుకుతున్నప్పుడు రామగుండం వాళ్లు వదిలే ఊపిరి ఉంటుంది చూడండి, అది. అదే ఒక నటుడి పేరుప్రఖ్యాతులు తోగె దాటాయి అంటే పని అయిపోయిందని, ఇక దిగుడే అని. దాటింది కష్టమైతే సంతోషం, దాటింది వైభవమైతే బాధ. మాట ఒకటే. ‘శిఖరం’ అని బట్టీ పట్టినవాడికి ఈ రెండోది కూడా పొగడ్తలా వినిపిస్తుంది, “మీరు తోగె దాటారండీ” అని అక్కడి పెద్దాయనతో అనేస్తే ఆయన ఇక మన చేతి అన్నం తినడు.

ఉదాహరణ వాక్యాలు పెట్టడానికి జాగా లేక కాదు. కార్డు వెనక సగం ఖాళీ, అక్కడ ఫుజి కొండ బొమ్మ వేశారు. తోగె కార్డు మీద కొన చూపిస్తున్న ఫుజి బొమ్మ! కావాలంటే రైలు కథ వేయొచ్చు. గున్మ, నగానో ప్రాంతాల మధ్య ఉసుయి తోగె అని ఉంది, అక్కడ రైలు పట్టాలు వెయ్యి మీటర్లకి 66.7 మీటర్లు ఎక్కేవి, మామూలు ఇంజిన్‌తో అయ్యే పని కాదు, అందుకని కింద యొకొకవ స్టేషన్లో అదనపు ఇంజిన్లు తగిలించేవాళ్లు. తగిలించేదాకా ఖాళీ కదా, ప్రయాణికులకు ఆకలి. 1958లో అక్కడ మట్టికుండలో వేడివేడి అన్నం, పైన కూరలు పేర్చి అమ్మడం మొదలుపెట్టారు, పేరు తోగె నొ కమమెషి. 1997లో బుల్లెట్ రైలు మార్గం వచ్చి ఆ కొండ పట్టాలు మూసేశారు, కుండ అన్నం మాత్రం ఇప్పటికీ అమ్ముతున్నారు. కాజీపేటలో బండి ఆగినప్పుడు కిటికీలోంచి వడలు కొన్న ఎవరికైనా ఈ కథ చెప్తే తోగె మర్చిపోతారా? తోగె మీద టీ కొట్టుని ‘తోగె నొ చయ’ అంటారు, ఆ చయలో చ మన చాయ్‌కి చుట్టమే.

ఇంకో తోగె గురించి కూడా సెన్సే చెప్పారు, నొముగి, 1,672 మీటర్లు. వందేళ్ల కింద హిద ప్రాంతం అమ్మాయిలు మంచులో దాన్ని నడిచి దాటి అవతల సువ సరస్సు పక్కన పట్టు మిల్లుల్లో పనికి పోయేవాళ్లట, పన్నెండు పదమూడేళ్ల పిల్లలు కూడా. అది విన్నాక క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు, పదకొండు మందిమీ పని కోసం దేశం దాటాలని కూర్చున్నవాళ్లమే.

మిగతా కట్ట గురించి చకచకా. తని అంటే లోయ, సరే. సవ అంటే కూడా లోయ అనే రాశారు, అది కొండల మధ్య పారే చిన్న వాగు. సక అంటే వాలు దారి, అది ‘కొండ’ అయిపోయింది. ఈ చివరి యాభై కార్డులు ఎవరో గూగుల్‌లో వేసి తీసి అతికించినట్టున్నారు, మొదటి 250 చేసినవాళ్లు వీళ్లు కారు, పందెం.

అమ్మినవాళ్లకి ఫొటో తీసి మెసేజ్ పెట్టా. రెండు రోజులకి “మీ సూచన మాకు విలువైనది” అని వచ్చింది, దాంతోపాటు వచ్చేసారి కొంటే 50 రూపాయల తగ్గింపు. మళ్లీ ఎందుకు కొంటానండీ, కార్డులు చిరగవు కదా, మీరే అంత మందంగా చేశారు.

ఎన్4, దాని కింది మెట్టు ఎన్5 కోసమైతే కొనండి, మొదటి 250కి ఆ డబ్బు దండగ కాదు. పలుకుబడి మాత్రం కార్డు చూసి కాకుండా చెవితో విని నేర్చుకోండి. చివరి కట్ట తిప్పేముందు తెలిసినవాళ్లని ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి.

నా 271వ కార్డు మీద ‘పర్వత శిఖరం’ని, ఫుజి బొమ్మని కలిపి వార్డులో మిగిలిన మైక్రోపోర్ టేపుతో అతికించేశా, దాని మీద బాల్‌పెన్నుతో “ఎక్కుడు దిగుడు నడుమ జాగ, గట్టమ్మ, ఈ రాత్రి గడవాలె” అని రాశా. డబ్బా ఇప్పుడు మా జూనియర్ దగ్గరుంది, ఆ టేపు పీకొద్దని చెప్పి ఇచ్చా.